నేను చంపిన నలుగురు

సిద్దిపేటలో బట్టల దుకాణం నడిపే ఇంట్లో పుట్టి, మధ్యయుగాల యూరప్‌లో చర్చి గోడల మీద వేసిన బొమ్మల గురించి ముప్పై ఏళ్లు చదివినవాడిని ఈ జిల్లా మొత్తంలో నేనొక్కడినే. గొప్పకు చెప్పడం లేదు. ఇంకెవరికీ ఆ అవసరం పడలేదు. ఇప్పుడు పదవీ విరమణ చేసి తీరిగ్గా ఉన్నాను కాబట్టి, పరిశోధన అంటూ బయలుదేరుతున్న పిల్లలకు పనికొస్తుందేమోనని నా ఉద్యోగంలో జరిగిన ఒక సంగతి చెబుతాను. నా విజయాల గురించి చెప్పమంటారేమో. అవి చెప్పడానికి ఒక పోస్టుకార్డు చాలు.

ముందు ఈ చదువు నాకెలా తగులుకుందో చెప్పాలి. పీహెచ్‌డీకి చేరిన కొత్తలో కాకతీయుల మీద చేస్తానన్నాను. మా గైడు గారు నవ్వి, కాకతీయుల మీద ఇప్పటికే పదకొండు మంది కూర్చున్నారని చెప్పి, లైబ్రరీ మూలకు తీసుకెళ్లారు. అక్కడ ఎవరో విదేశీ పాదిరి పోతూ పోతూ ఇచ్చిన రెండు బీరువాల పుస్తకాలున్నాయి. "దీని మీద మన దగ్గర ఎవరూ లేరయ్యా. తప్పు పట్టేవాడుండడు" అన్నారు. నాకు ఆ మాట బాగా నచ్చింది. మా బాపు మాత్రం దుకాణంలో గజం కట్టె పట్టుకుని నిలబడి, "ఏందిరా, ఊరి నిండ గుళ్లు వెట్టుకొని ఏసు బొమ్మలు సదువుతవా? మంచిదే తియ్యి, సదువు ఏదైతేంది, కొలువొస్తే సాలు" అన్నాడు. కొలువు వచ్చింది, మా ఊరి డిగ్రీ కాలేజీలోనే. అక్కడ ముప్పై ఏళ్లూ కాకతీయులనే చెప్పాను.

ఇంతకీ ఆ బొమ్మలు నువ్వు కళ్లారా చూశావా అని అడుగుతారు. చూశాను. ఒక సెమినారుకని ఇటలీ పంపితే పన్నెండు రోజులున్నాను. అందులో నాలుగు రోజులు కడుపునొప్పి. నేను ప్రాణం పెట్టి చదివిన గోడ దగ్గరికి వెళ్లేసరికి మరమ్మతులకని దాని ముందు పెద్ద తెర కట్టారు. ఆ తెర నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది.

ఆ చదువులో ఒక్క సూత్రం తెలిస్తే ఈ కథకు చాలు. ఆ రోజుల్లో చిత్రకారులు వేసిన పునీతుల, అంటే దేవుని కోసం ప్రాణాలిచ్చిన సెయింట్ల, ముఖాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఎవరు ఎవరో తెలియాలంటే చేతిలో ఏముందో చూడాలి. ఎవరిని దేనితో చంపారో అదే చేతికిస్తారు. మేకుల చక్రం పట్టుకుంటే ఆ చక్రంతో హింసించిన రాజకుమారి. కత్తి పట్టుకుంటే బతికుండగానే తోలు ఒలిపించుకున్న ఏసు శిష్యుడు. ఒడిలో రాళ్లుంటే రాళ్లతో కొట్టి చంపిన యువకుడు. ఇనుప చట్రం పట్టుకుంటే దాని మీద పడుకోబెట్టి కాల్చినాయన. ఈ పట్టిక నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చేది. ఎవరూ అడగలేదనుకోండి.

అలాంటివాడికి, రిటైరుమెంటుకు రెండేళ్లుందనగా, ఒకరోజు స్టాఫ్‌రూములో పిలుపు వచ్చింది. కొండపాక అవతల చిన్న పల్లె నుంచి ఒక పాస్టరు గారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నా పక్క కుర్చీలో కూర్చునే ఎకనామిక్స్ లెక్చరర్ ఆయన్ను నా ముందుకు తోసి, "గీయనే మా బొమ్మల సారు. ముప్పై ఏండ్ల సంది మీ కోసమే కూసున్నడు" అన్నాడు. విషయమేమిటంటే ప్రజ్ఞాపూర్ వైపు నుంచి వచ్చే రోడ్డును వెడల్పు చేస్తున్నారు. కొత్త కొలతల్లో పాత చర్చి వెనక గోడ పోతుంది. ఆ గోడ లోపలి వైపు ఒక బొమ్మ ఉంది. రోడ్డుకు అవతలి పక్క అంతా సర్కారు జాగ, తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. కొంచెం అటు జరిపితే గోడ బతుకుతుంది. జరపాలంటే ఆ బొమ్మ విలువైనదని తెలిసినవాళ్లు రాసివ్వాలని రోడ్ల ఇంజనీరు అడిగాడట.

మర్నాడే పోయాను. చిన్న చర్చి, పెంకుల కప్పు. వెనక గోడ నిండా ఎర్రటి రంగు మీద బొమ్మ. పైన ఏసు రొట్టె పంచుతున్నాడు. కింద వరసగా నలుగురు, గుండ్రని పెద్ద కళ్లు, తలల వెనక పసుపు పచ్చని వలయాలు. మొదటామె చేతిలో చక్రం. రెండో ఆయన చేతిలో వంకర కత్తి. మూడో ఆయన పంచె ఒడిలో రాళ్లు. నాలుగో ఆయన చేతిలో తీగల చట్రం.

ఇటలీలో తెర వెనక దాక్కున్నవాళ్లు నలుగురూ నన్ను చూడ్డానికి కొండపాక దాకా వచ్చారనిపించింది. అబద్ధమెందుకు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నలభై నిమిషాలు ఫొటోలు తీసుకుని, పాస్టరు గారిచ్చిన చాయ్ కూడా పూర్తిగా తాగకుండా ఇంటికి పరుగెత్తాను. అక్కడ కూర్చున్న నలుగురు ముసలివాళ్లలో ఒక్కరినైనా "ఇది ఎవరి బొమ్మ?" అని అడగలేదు. పునీతుల గురించి పల్లెవాళ్లను అడగడమేమిటని నా ఉద్దేశం.

రిపోర్టు పద్దెనిమిది పేజీలు వచ్చింది. ఎవరో పాత మిషనరీ తెచ్చిన పుస్తకంలోంచి దించిన మధ్యయుగ పునీతుల వరస ఇదని, దక్కన్‌లో ఇంకెక్కడా ఇలాంటిది లేదని రాశాను. ఆ ఎర్ర రంగు, ఆ కళ్లు చూస్తే కులకథలు చెప్పేవాళ్ల కోసం నకాషీవాళ్లు వేసే చేర్యాల పటాలు గుర్తుకు రావాలి ఎవరికైనా. చేర్యాల మా జిల్లాలోదే, బస్సెక్కితే గంట. నాకు గుర్తుకు రాలేదని కాదు, వచ్చింది. "స్థానిక నకాషీ చిత్రకారునికి నీడలు వేయడం తెలియకపోవడం వల్ల కొన్ని లోపాలు కలవు" అని ఫుట్‌నోట్‌లో పడేశాను. ఏసు చేతిలో ఉన్నది అచ్చం జొన్నరొట్టె. దాన్నీ లోపం కిందే జమకట్టాను.

రిపోర్టు బ్రహ్మాండంగా పనిచేసింది. ఇంజనీరు ఫోన్ చేసి, "సార్, ఉట్టి పాతదంటే కాకపోవు. పాతవి రోడ్డు పొడుగున ఉన్నయి. ఫారిన్ లింకు చూపెట్టిన్రు కద, పైనోళ్లు ఒప్పుకున్నరు" అన్నాడు. జిల్లా పేజీలో వార్త వచ్చింది. గోడ ముందు నన్ను నిలబెట్టి తీసిన ఫొటోలో నా తల సరిగ్గా చక్రానికి అడ్డం వచ్చింది. ఆ పేపరు పదిహేను కాపీలు కొన్నాను.

ఇక అసలు రోజు. కొలతలు చివరిసారి సరిచూసి సంతకాలు చేయడానికి ఇంజనీరు వస్తున్నాడని, రిపోర్టు రాసినవాడిగా నా సంతకం కూడా కావాలని రమ్మన్నారు. చర్చిలో చాపలు పరిచి ఊరివాళ్లంతా కూర్చున్నారు. పాస్టరు గారు మర్యాదకు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నన్ను రెండు మాటలు చెప్పమనడం ఎంత ప్రమాదమో మా స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు, ఆయనకు తెలియదు.

అరగంట మాట్లాడాను. చక్రానికి మేకులెలా ఉంటాయో, తోలు ఎక్కడి నుంచి ఒలవడం మొదలుపెట్టారో, చట్రం కింద నిప్పులెలా పరిచారో చేతులు తిప్పుతూ చెప్పాను. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నా మాటల మహిమ అనుకున్నాను. గోడకు ఆనుకుని, సరిగ్గా చక్రం బొమ్మ కిందనే ఒక ముసలమ్మ కూర్చుంది. ఎనభై దాటి ఉంటాయి. ఆమె చెయ్యెత్తింది.

"ఎవల్ని సంపిన్రంటున్నవ్ సారూ?"

"ఈమెనే అవ్వా," అని చక్రం బొమ్మ చూపించాను. "పెద్ద రాణి బిడ్డ. దేవుని మీద నమ్మకం ఇడువలేదని సంపిన్రు."

"గామె మా అవ్వ" అంది ముసలమ్మ.

నాకు అర్థం కాలేదు. భక్తితో అంటోందేమో, పునీతురాలిని తల్లిగా భావిస్తోందేమో అనుకుని చిరునవ్వు కూడా నవ్వాను. ఆమెకు కోపం వచ్చింది.

"నన్ను కన్న అవ్వ సారూ. మా అవ్వను ఎవ్వలు సంపలే. సలిజెరమొచ్చి సచ్చిపోయింది, నాకు ఏడేండ్లప్పుడు. గది రాట్నం. నూలు వడికి, అమ్మి, గీ గోడకు సున్నం కొనుక్కొచ్చింది. పిడి ఉన్నది కండ్లవడ్తలేదా?"

చూశాను. చక్రానికి పిడి ఉంది. పద్దెనిమిది పేజీలు రాసినవాడికి అంతవరకూ కనపడలేదు.

"మరి నెత్తి ఎనుక గా పసుపుపచ్చది?" అన్నాను.

"గంప. సున్నం మోసిన గంప."

అప్పటిదాకా మర్యాదకు ఊరుకున్నవాళ్లంతా ఒక్కసారిగా మొదలుపెట్టారు. కత్తి పట్టుకున్నాయన చెప్పులు కుట్టేవాడు, అది తోలు కోసే రంపె. మగవాళ్ల తలల చుట్టూ ఉన్నవి రుమాళ్లు. రాళ్లాయన పక్క ఊరి ఒడ్డెరాయన, ఈ మతంలో కలవకపోయినా పునాది రాళ్లు ఆయనే కొట్టి ఇచ్చాడు. చట్రం పట్టుకున్నాయన ఎదుటి వరసలో కూర్చున్న పెద్దాయనకు తాత. "గది ఇసుక జల్లెడ సారూ. మా తాతను పట్టుకొని పొయ్యి మీద కాలవెడ్తివి గద!" అన్నాడాయన. చర్చి మొత్తం నవ్వింది. ఒక్క గంటలో నలుగురు నిక్షేపమైన కష్టజీవులను నానా హింసలు పెట్టి చంపినవాడిని నేనే అయ్యాను.

బయటికి వచ్చి వేపచెట్టు కింద పాస్టరు గారిని పట్టుకున్నాను. "మీకు ముందుగాలనే తెల్సా?"

"తెల్సు సార్."

"మరి చెప్పలేదేంది?"

ఆయన చేతులు నలుపుకున్నారు. "మా దాంట్ల పునీతుల బొమ్మలు పెట్టుకోరు కద సార్. మీకు ఎర్కుండే ఉంటదనుకున్న. పెద్ద సదువులు సదివినోళ్లు, లోపల్లోపల ఇంకేదో అర్థముంటది తియ్యి అనుకున్న."

అదీ నిజమే. ఆ చర్చి పునీతులను కొలవని శాఖకు చెందినది. నా సబ్జెక్టులో మొదటి వారంలో చెప్పే పాఠం అది. నేను చదివిన మొదటి పుస్తకంలో మొదటి అధ్యాయం. గోడను చూడగానే ఆ అధ్యాయాన్ని మింగేశాను, ఎందుకంటే నాకు ఆ నలుగురు కావాలి.

ఇంజనీరు జీపు దగ్గర ఫైలు తెరిచి నిలబడ్డాడు. నేను పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రిపోర్టు తప్పు, మార్చి ఇస్తానన్నాను. పైగా ఉత్సాహంగా ఒక మాట చేర్చాను. ఇది ఇంకా గొప్ప సంగతి, కట్టిన కూలివాళ్లే చర్చి గోడ మీదికెక్కడం నేనెక్కడా చదవలేదు అన్నాను. అతను పెన్ను టోపీ పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"సార్, మీకు దండం వెడ్త. ఊరోళ్ల బొమ్మ అని రాస్తే గీ ఫైలు మళ్ల కిందికెళ్లి సురువైతది. మీరు చెప్పేది గొప్పదే కావచ్చు, గని పైన చదివేటోనికి ఫారిన్ అంటెనే గొప్ప. మిషిన్లు సోమారం వస్తున్నయి. మీ కొత్త కాయితం వచ్చేటాలకు గోడ ఉండది. ఇయ్యాల సంతకం చేస్తరా, ఇంటికి పోదామా?"

పిల్లలూ, నేను అప్పుడు ఏం చేశానని అడగండి. ధైర్యంగా నిజం వైపు నిలబడ్డానని రాసుకోవాలని ఎంత ఉందో! లోపలికి పోయి ముసలమ్మ ముందు గొంతుక్కూర్చున్నాను. నిజం చెబితే గోడ పోతుందని, చెప్పకపోతే గోడ ఉంటుంది కానీ దాని ముందు పెట్టే బోర్డు మీద ఆమె తల్లి పేరు బదులు ఎవరో రాణి బిడ్డ పేరుంటుందని చెప్పాను. ఆమె గోడను అరచేత్తో నిమిరింది.

"మా అవ్వది ఫొటో లేదు సారూ. గా కాలంల మాకు ఫొటోలెక్కడియి? ఐతారం నాడు గీడ కూసుంటే అవ్వ పక్కన కూసున్నట్టుంటది. ఎనభై ఏండ్ల సంది గీ జాగ నాదే, ఎవ్వలు కూసోరు." నా వైపు తిరిగింది. "బోర్డు మీద నీకు తోసినోళ్ల పేరు రాసుకో. నాకు సదువు రాదు, నాకు బోర్డుతోని ఏం పని? గోడ కూలొద్దు. రోడ్డు అవుతలికెళ్లి పడ్డంక నిజం చెప్పుకో. అప్పటిదాంక నోరు మూసుకొని ఉండు."

ముప్పై ఏళ్లలో నాకంత స్పష్టంగా పని చెప్పినవాళ్లు లేరు. పోయి సంతకం చేశాను. అది తప్పని తెలుసు, ఇప్పటికీ తప్పే అనుకుంటాను. ఇంకోసారి చేయమన్నా చేస్తాను.

ఆ తర్వాతి వారం సిగ్గు చంపుకుని చేర్యాల బస్సెక్కాను. నకాషీ పని చేసే ఇంట్లో ఒక పెద్దాయనకు ఫోనులో ఫొటో చూపించాను. చూడగానే, "మా తాత చెయ్యి" అన్నాడు. చేతిలో పనిముట్ల గురించి అడిగితే నన్ను జాలిగా చూశాడు. "పటం ఎవల్దైతే వాళ్ల పనిముట్టు రాయాలె సారూ. గౌండ్లాయనకు తాడెక్కే మోకు, చాకలాయనకు బట్టలుడకవెట్టే బాన. లేకుంటే గది వాళ్ల పటం ఎట్లయితది?" అన్నాడు. నా జీవితంలో చేతికి దొరికిన ఒకే ఒక్క నిజమైన పరిశోధన అది. దాన్ని జేబులో పెట్టుకుని, నోరు మూసుకుని, బస్సెక్కి ఇంటికి వచ్చాను.

నోరు మూసుకోవడం ఎంత కష్టమో తర్వాత తెలిసింది. నా రిపోర్టు అప్పటికే ఒక పరిశోధన పత్రికలో అచ్చయి ఉంది. వేరే రాష్ట్రం నుంచి ఒక తెలుగమ్మాయి, నాకంటే పాతికేళ్లు చిన్న, దాన్ని చదివి నాలుగు పేజీల జవాబు రాసింది. చక్రానికి పిడి ఉందని, హింసించే చక్రాలకు పిడి ఉండదని, ఆ చర్చి శాఖలో పునీతులుండరని, రచయితకు రాట్నానికీ వధ్యచక్రానికీ తేడా తెలియదని, చాలా మర్యాదగా నన్ను ఉతికి ఆరేసింది. మా ఎకనామిక్స్ లెక్చరర్ ఆ నాలుగు పేజీలూ జిరాక్స్ తీయించి నోటీసు బోర్డుకు గుచ్చాడు. బొమ్మల సారు కాస్తా రాట్నం సారునయ్యాను. పదవీ విరమణ సభలో నాకు బహుమతిగా శాలువాతో పాటు చిన్న చెక్క రాట్నం ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అదృష్టం కొద్దీ మా పత్రికలను రోడ్ల శాఖవాళ్లు చదవరు. నిజానికి మా వాళ్లూ చదవరు, ఆ అమ్మాయి తప్ప. అయినా నన్ను కాల్చుకు తిన్నది ఆ ఉతుకుడు కాదు, వేరే సంగతి. ఆమె అంతా సరిగ్గా రాసింది కానీ తల వెనక ఉన్న గంపను తానూ కాంతివలయం అనే అనుకుంది. అది చూసి నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. ఒక్క ఉత్తరం ముక్క, ఒకే ఒక్క మాట, "గంప" అని రాసి పడేస్తే ప్రాణం కుదుటపడేది. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చించేశాను.

రోడ్డు పడ్డది. తుమ్మచెట్ల వైపు నుంచి నున్నగా, వెడల్పుగా పడ్డది. బస్సులు తిరుగుతున్నాయి, ఇక ఎవరూ దాన్ని పీకి ఇటు జరపరు. పోయిన వర్షాకాలంలో ముసలమ్మే పాస్టరు గారి చేత ఫోన్ చేయించింది. "ఇగ చెప్పుకో సారూ. శాన్నాళ్లు ఓపిక పట్టినవ్" అంది. ఆ వారమే పత్రికకు నా తప్పు ఒప్పుకుంటూ రాశాను, ఆ నలుగురి పేర్లు, వాళ్ల పనులు, చేర్యాల పెద్దాయన మాట, అన్నీ. ఆ అమ్మాయి నుంచి ఒకే ఒక్క పదంతో జవాబు వచ్చింది: "గంపా!" ఆ పదం ముందు నా పీహెచ్‌డీ పట్టా దిగదుడుపు.

బోర్డు మాత్రం మారలేదు. మార్చాలని అర్జీ పెట్టాను, ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడుస్తోంది. పోయిన నెల ఒక ఐతారం చర్చికి వెళ్తే, ప్రార్థన అయ్యాక ముసలమ్మ కర్ర పట్టుకుని బయటికి వచ్చి ఆ నీలం బోర్డు ముందు నిలబడింది.

"ఏం రాసిన్రో సదువు సారూ."

ఆమెకు తెలుసు ఏముందో. నేనే చెప్పాను కదా. దాని మీద ఉన్నవి రెండే వరసలు, చక్రం పట్టుకున్న పునీతురాలి గురించి. నేను కళ్లద్దాలు సరిచేసుకుని, బోర్డు వైపే చూస్తూ చదవడం మొదలుపెట్టాను. ఆమె తల్లి పేరు చదివాను. నూలు వడికిందని, అది అమ్మి సున్నం తెచ్చిందని, గంపలో పోసుకుని నెత్తిన మోసిందని చదివాను. చలిజ్వరంతో పోయిందని, ఏడేళ్ల బిడ్డ ఉందని, ఆ బిడ్డ ఎనభై ఏళ్లుగా ప్రతి ఐతారం వచ్చి తల్లి పక్కన కూర్చుంటుందని చదివాను.

ముసలమ్మ బోర్డును కిందికీ మీదికీ చూసింది.

"గింత బోర్డుల గన్ని ముచ్చట్లు పట్టినయా సారూ?"

"పట్టినయ్ అవ్వా."

"అయితే మల్లొకపారి సదువు" అంది.